సుస్తీ చదువు

"రెంచి ఇలా ఇచ్చి, నువ్వు పక్కకి తప్పుకో."

అత్తయ్య గొంతు పెంచలేదు. అదే మా భయం. ఆవిడ అరుస్తున్నంతసేపూ మా ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. గొంతు తగ్గించిందంటే మాత్రం ఇస్త్రీ పెట్టెలు కూడా చల్లబడిపోతాయి.

మా మరిది రెంచిని వీపు వెనక దాచుకుని గొట్టానికి అడ్డంగా నిలబడ్డాడు. వాడి వెనక వాడి పెళ్ళాం, మా చిన్నది. తలుపు దగ్గర నేను, ఈ ఇంటి పెద్దకోడల్ని. చేతిలో సగం మడతపెట్టిన దిండు గలీబు.

పెరట్లో తీగల నిండా ఆస్పత్రి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. తెల్లగా ఉండాల్సినవి. ఒక్కటంటే ఒక్కటి తెల్లగా లేదు. పోనీ లేతగా ఉన్నాయా అంటే అదీ కాదు. స్కూలు పిల్లల చొక్కాల్లా నీలంగా, గాలికి ఊగుతూ మమ్మల్ని వెక్కిరిస్తున్నాయి.

"సాయంత్రం దుప్పట్ల కోసం ఆస్పత్రి వ్యాను వస్తుంది. ఏం చెప్పమంటావురా? ఆకాశం ఉతికి ఆరేశాం, కప్పుకోండి అని చెప్పమంటావా?"

"అమ్మా, అది కాదే..."

"ఏది కాదు? నీ పెళ్ళాం చదివే సుస్తీ చదువు తెచ్చిపెట్టిన సుస్తీ కాదా ఇది? ఇవాళ ఆ గొట్టం పీకందే నేను టీ చుక్క కూడా ముట్టను!"

చదువు పేరు సుస్థిరాభివృద్ధి. చిన్నది యూనివర్సిటీలో చేరిన రోజు ఆ మాట చెప్తే అత్తయ్య చెవికి 'సుస్తీ అభివృద్ధి' అని వినబడింది. "నా నడుముకి సుస్తీ, మన బోరుకి సుస్తీ. ఉన్న సుస్తీలు చాలవా, వాటిని మళ్ళీ అభివృద్ధి కూడా చేయాలా?" అందావిడ. ఆ రోజు పడీపడీ నవ్వాం. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు సుస్తీ చదువే. ఇవాళ మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

నవ్వెలా వస్తుంది? ఆ చదువు పరీక్ష ఇవాళే. అదీ మా పెరట్లోనే.

ఆ యూనివర్సిటీ పద్ధతే అంత. ఎవరు ఎక్కడ పని చేసి చూపిస్తే అక్కడే పరీక్ష. చివర్లో ఆ ఇంటి పెద్దని, పాఠాలు చెప్పే మేడం ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: 'మేము వెళ్ళిపోయాక కూడా ఇది నడుస్తుందా?' నడవదు అని పెద్ద అన్నారా, ఎన్ని మార్కులొచ్చినా చదివినవాళ్ళు తప్పినట్టే.

"ఇదెక్కడి చోద్యమే! నువ్వు చదివితే నేను పాసవ్వాలా?" అని అత్తయ్య మొదట్లో ముక్కు మీద వేలేసుకుంది కూడా. మా ఇంటికి పెద్ద ఆవిడే మరి.

"అత్తయ్యా," అంది చిన్నది. పొద్దుట్నుంచీ ఆ పిల్ల నోరు విప్పడం అదే. "మధ్యాహ్నం దాకా ఉంచండి. ఎందుకిలా అయిందో కనుక్కుంటాను."

"కనుక్కో. గొట్టం పీకాక తీరిగ్గా కనుక్కో."

ఇక నేను ఊరుకోలేకపోయాను. "అత్తయ్యా, ఆ గొట్టం వచ్చాకే కదా మన బోరు మూలగడం మానింది! ఒక్క రోజు ఒక్క తప్పుకి..."

"నువ్వు మాట్లాడకు. నువ్వూ చిన్నదీ ఒక్కటేనని నాకు తెలుసు."

నిజమే, ఒక్కటే. దాచుకోవడానికేముంది?

మాది లాండ్రీ. మెషీన్లున్నాయి, బాయిలరుంది, వ్యానుంది. వ్యాను మా ఆయన తోలతారు. ఆఖరి జాడింపు మాత్రం ఇప్పటికీ సిమెంటు తొట్టిలోనే. అది అత్తయ్య రాజ్యం, ఇంకెవరూ చెయ్యి పెట్టడానికి లేదు. ఆ తొట్టి నీళ్ళు ఒకప్పుడు తిన్నగా వెనక కాలవలోకి పోయేవి. పన్నెండయ్యేసరికి బోరు ఎండిపోయేది, ట్యాంకరు కోసం గేటు దగ్గర పడిగాపులు కాసేవాళ్ళం. చిన్నదీ దాని తోటి పిల్లలూ వచ్చి తొట్టికి గొట్టం బిగించారు. ఆఖరి జాడింపు నీళ్ళు ఇసకలో వడగట్టుకుని వెళ్ళి మెషీన్లో తర్వాతి బట్టలకి మొదటి నీళ్ళవుతాయి. ఇంతే సంగతి. ఇంతలోనే మా ఇంటి నీటి కష్టం తీరిపోయింది.

ఇంకో సంగతి. అంతకుముందు మెషీన్ల దగ్గర నేనుండేదాన్ని. నా చేతులు పగిలి నెత్తురొచ్చేవి. మా పాపని ఎత్తుకుంటే గరుగ్గా ఉన్నాయని ఏడ్చి దిగిపోయేది. కన్నపిల్ల నా చేతుల్లోంచి జారి బామ్మ దగ్గరికి పరిగెడుతుంటే నా ప్రాణం ఉసూరుమనేది. యూనివర్సిటీ వాళ్ళు మా సబ్బు పొడి పట్టుకెళ్ళి పరీక్ష చేసి, అందులో సోడా మరీ ఎక్కువని తేల్చి, ఎంత కలపాలో మళ్ళీ మా ముందే కలిపి చూపించారు. ఇప్పుడు నా బంగారం నా చేతుల్లోనే నిద్రపోతుంది. ఆ చదువుని ఎవరేమన్నా నాకు ఒళ్ళు మండుతుంది. అన్నది మా అత్తయ్య అయినా సరే.

మరిది రెంచితో సహా వీధిలోకి పారిపోయాడు. వాడి ధైర్యమంత దొడ్డది ఇంకెక్కడా చూడం.

చిన్నది ఇస్త్రీ బల్ల దగ్గరికొచ్చి నా పక్కన కూలబడింది.

"తప్పిపోతానేమో అక్కా."

"ఛ, నోట్లోంచి ఆ మాట రానీకు. మడత పట్టుకో."

ఇద్దరం దుప్పటి చెరో కొసా పట్టుకున్నాం. దులిపాం. మడతపెట్టాం. ఇంకోటి తీశాం.

"నిన్న నీకు చెప్పిన సంగతి..." అంది మెల్లగా.

"ఎవరికీ చెప్పలేదులే."

సంగతేమిటంటే, పాసైతే చిన్నదాన్ని యూనివర్సిటీలోనే ఉండమంటున్నారు. కాలవ పొడుగునా ఉన్న లాండ్రీలకీ, ఆ తర్వాత వేరే ఊళ్ళలో వాటికీ వెళ్ళి ఈ పని నేర్పాలట. వారంలో ఎక్కువ రోజులు ఇంట్లో ఉండదు. మొగుడు సరేనన్నాడు. అత్తయ్యకి చెప్పడానికే దీనికి నోరు పెగలడంలేదు. నాకు నిన్న రాత్రి సగం సంతోషంతోనూ సగం దిగులుతోనూ నిద్రపట్టలేదు.

"ఇదంతా జరిగాక ఇంకా ఆ సంగతెందుకు అక్కా?" అంది. దుప్పటి కొసతో కళ్ళు తుడుచుకోబోయి, అది నీలంగా ఉందని చూసి, భుజానికి తుడుచుకుంది.

మేడం చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది. మరిదే ఫోన్ చేశాట్ట. చూశారా, రెంచి దాచినా బుర్ర దాచలేదు మహానుభావుడు. మేడం వెంట చిన్నదాని క్లాసులో చదివే కళ్ళద్దాలమ్మాయి.

అత్తయ్య ఇద్దర్నీ చూసి కొంగు బిగించింది. "రండి పంతులమ్మగారూ. మీ సుస్తీ ఎంత అభివృద్ధి అయిందో కళ్ళారా చూడండి."

మేడం తీగల మధ్యన నడిచి దుప్పట్లన్నీ చూసింది. ఒకటి వాసన చూసింది. సంజాయిషీలేమీ ఇవ్వలేదు. బకెట్ బోర్లించుకుని తొట్టి పక్కనే కూర్చుంది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఇవాళే," అంది చిన్నది. "ఇన్నాళ్ళూ తిరిగొచ్చిన నీళ్ళు హాస్టల్ రంగు దుప్పట్లకే వాడాం మేడం. ఇవాళ తెల్లారగట్లే మొదటిసారి ఆస్పత్రి తెల్లవాటికి పెట్టాను. ఇసకలోంచి రంగేమైనా దిగిందా అని చూశాను, లేదు. గొట్టంలోనూ లేదు."

"ఆఖరి జాడింపులో ఏమైనా వేస్తారేమో అని మొదట్లో మనం అడిగాం కదా?"

కళ్ళద్దాలమ్మాయి తలూపింది. "అడిగాం మేడం. ఏమీ వెయ్యరన్నారు."

"వెయ్యం," అంది అత్తయ్య.

"వెయ్యం," అన్నాన్నేను.

"వెయ్యం మేడం," అంది చిన్నది కూడా.

మేడం మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. "అమ్మా, మీకు శ్రమ అనుకోకపోతే ఒక్క దుప్పటి నాముందు జాడిస్తారా? రోజూ ఎలా చేస్తారో అలాగే."

"ఇంకా ఏం జాడించాలి, నా బొంద!" అంది గానీ, పని అడిగితే కాదనడం మా అత్తయ్య రక్తంలోనే లేదు. చీర ఎగదోపింది. తొట్టి నింపింది. దుప్పటి ముంచి, లేపి, ముంచింది. పిండి గట్టు మీద పెట్టింది. మళ్ళీ నీళ్ళు పట్టింది. నడుముకి దోపుకున్న చిన్న గుడ్డమూట తీసి ఆ నీళ్ళలో ఇటొకసారి అటొకసారి తిప్పింది.

"ఆగండమ్మా. అదేమిటి?"

"ఏది?"

"ఇప్పుడు మీరు నీళ్ళలో..."

"ఇదా? నీలం చూపిస్తున్నాను."

"మరి ఏమీ వెయ్యం అన్నారుగా?"

"వెయ్యలేదే! చూపించాను."

మేడం తొట్టిలోకి వంగి చూసింది.

మా ఇంట్లో సబ్బు వేస్తాం. సోడా వేస్తాం. నీలం మాత్రం వెయ్యం, చూపిస్తాం. అత్తయ్య వాళ్ళత్తగారి రోజుల్నుంచీ అదే మాట. నీలం లేకపోతే తెలుపు తెలుపులా ఉండదు, ఎక్కువైతే ఇదిగో ఇలా ఉంటుంది. అందుకని నీళ్ళకి అలా ఒక్కసారి మొహం చూపించి తీసేస్తారు. చూపించిన దాన్ని వేసినట్టు మేమెవరం ఎప్పుడూ అనుకోలేదు. ఆఖరికి ఆ చదువు చదివిన చిన్నది కూడా అనుకోలేదు. ఇంటి మాట దానికీ అలవాటైపోయింది పాపం!

చిన్నది నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "అయ్యో నా తెలివి! అత్తయ్యా, నిన్న మీరు చూపించిన నీలం గొట్టంలోంచి వెళ్ళి ఇవాళ మెషీన్లోకి వచ్చింది. మళ్ళీ తొట్టిలో మీరు చూపించారు. అది మళ్ళీ వెళ్ళింది..."

"అంటే రోజంతా అది నన్నే చూస్తూ కూర్చుందా?" అంది అత్తయ్య.

ముందు కళ్ళద్దాలమ్మాయి కిసుక్కుమంది. తర్వాత నేను. నాకు నవ్వొస్తే ఆగదు, తీగ పట్టుకుని వంగిపోయాను. అత్తయ్య పెదాలు బిగపట్టుకుంది గానీ భుజాలు ఊగాయి.

మేడం నవ్వలేదు. "తప్పు మాది," అంది. "ఏమేస్తారు అని అడిగాం. ఏం చేస్తారో చూపించండి అని అడిగి, పక్కన కూర్చుని చూడాల్సింది. వచ్చే ఏడాది పిల్లలకి మొదటి పాఠం ఇదే చెప్తాను."

"మీ తప్పేముందమ్మా? మూట నా నడుముకే ఉంది. రోజూ చేస్తూ కూడా నాకే గుర్తు రాలేదు." అత్తయ్య ఇలా ఒప్పేసుకోవడం నేనీ ఇంటికొచ్చాక వినలేదు.

చిన్నది అప్పటికే తొట్టి చుట్టూ తిరుగుతోంది. ముందు నీళ్ళు వేరు, నీలం నీళ్ళు వేరు చేస్తే సరి అంది. నీలానికి పక్కన చిన్న తొట్టి. ఆ నీళ్ళు ముదురు రంగు బట్టలకే వెళ్తాయి, తెల్లవాటి జోలికి రావు. మాట్లాడుతూ మాట్లాడుతూ సుద్దతో గచ్చు మీద గీతలు గీసేసింది. పొద్దుట్నుంచీ మడతల్లో మూలిగిన పిల్లేనా ఇది అనిపించింది నాకు.

"అది సరే. ఇవన్నీ ఇప్పుడెలా?" అని అత్తయ్య తీగల వైపు చూపించింది.

"వేడినీళ్ళలో మళ్ళీ జాడిస్తే పోతుంది," అంది కళ్ళద్దాలమ్మాయి.

"పోతుంది, నాకూ తెలుసు. ఇన్నిటికి నీళ్ళేవమ్మా? ఈ వేళకి బోరు..."

ఆవిడ మాట మధ్యలో ఆపి కొళాయి దగ్గరికెళ్ళింది. తిప్పింది. నీళ్ళు ధారగా పడ్డాయి. ఒకప్పుడైతే ఈ వేళకి ఆ కొళాయిలోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. అత్తయ్య ధార కింద చెయ్యి పెట్టి నిలబడింది. చాలాసేపు తియ్యలేదు.

ఆ తర్వాత ఎవరు ఎవరికి చెప్పారో గుర్తులేదు. మేడం చేతిగడియారం విప్పి కిటికీలో పెట్టింది. కళ్ళద్దాలమ్మాయి కళ్ళద్దాలు తీసి నా జాకెట్లో దాచమంది. మరిది ఎక్కడ్నుంచో ఊడిపడి బాయిలరు రాజేశాడు.

"పంతులమ్మా, అలా కాదు, అంచు పట్టుకోండి. మెలిపెట్టండి. అబ్బే, దాన్ని బుజ్జగిస్తున్నారేంటి?"

"ఇలాగా అమ్మా?"

"ఆఁ, ఇప్పుడు పరవాలేదు. మీకు మార్కులు వెయ్యచ్చు."

యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మనిషి మోకాళ్ళదాకా తడిసి మా దుప్పట్లు పిండుతుంటే నా మనసు నిండిపోయింది. పనయ్యాక వెళ్ళిపోయేవాళ్ళని చాలామందిని చూశాం. పని చెడితే తిరిగొచ్చి నీళ్ళలో దిగేవాళ్ళని వీళ్ళనే చూశాను. వీళ్ళు చల్లగా ఉండాలి. వీళ్ళ దగ్గర చదివే పిల్లలంతా చల్లగా ఉండాలి.

పొద్దు వాలేసరికి తీగల మీద తెలుపు తిరిగొచ్చింది. ఆరవచ్చిన దుప్పట్ల కింద అందరం గట్టు మీద చతికిలబడ్డాం. మరిది టీ తెచ్చాడు. అత్తయ్య గ్లాసు అందుకుంది. "గొట్టం పీకలేదుగా?" అని వాడు గొణిగితే, "నోర్మూసుకుని పంచదార వెయ్యి," అంది.

మేడం తన కాగితాలు తీసింది. "చిన్నమ్మాయి పని చూశాం. తప్పు చూశాం, దిద్దడం కూడా చూశాం. ఇక మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉందమ్మా. మేము వెళ్ళిపోయాక కూడా ఇది నడుస్తుందా?"

చిన్నది నా చెయ్యి పట్టుకుంది.

అత్తయ్య టీ ఆఖరిదాకా తాగింది. గ్లాసు కింద పెట్టింది. "ముందు నాకొకటి చెప్పండి. 'మనం' అనలేదు మీరు, 'మేము' అన్నారు. ఆ మేములో మా చిన్నది ఉందా, లేదా?"

చిన్నదాని వేళ్ళు నా చేతిలో బిగుసుకున్నాయి. మేడం దాని వైపు చూసింది. "అది తనే చెప్పాలమ్మా."

"తను చెప్పదు. భయం. నిన్నట్నుంచీ ఇస్త్రీ బల్ల దగ్గర వీళ్ళిద్దరూ గుసగుసలు. పెద్దదాని గుసగుస వీధి చివరికి వినిపిస్తుంది."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అత్తయ్యా, నేను ఒప్పుకోలేదు, మీరు వద్దంటే..."

"నన్ను చెప్పనీవే. పొద్దున రెంచి అడిగింది దుప్పట్ల కోసమే అనుకున్నారా? దుప్పట్లు ఉతుక్కుంటాం. గొట్టం లేకపోతే చదువు ఉండదు, చదువు లేకపోతే ఇది ఎక్కడికీ వెళ్ళదు అనుకున్నాను. సిగ్గులేకుండా అలాగే అనుకున్నాను." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. "పంతులమ్మా, మా పెద్దదాని చేతులు బాగుచేశారు మీరు. ఈ కొళాయిలో నీళ్ళు తెచ్చారు. ఇవాళ మీరూ ఈ పిల్లా తొట్టిలోకి దిగారు. మా ఇంటికొచ్చిన మేలు ఇంకో ఇంటికి వెళ్తానంటే నేను గుమ్మానికి అడ్డంగా పడుకోనా?"

లేచి నా దగ్గరికొచ్చింది. నడుముకున్న మూట తీసింది. నా చెయ్యి తెరిచి అందులో పెట్టి మూసింది.

ఇన్నేళ్ళలో ఆ మూటని నేను ముట్టుకున్నది అదే మొదలు.

"నడుస్తుంది. రాసుకోండి. చిన్నది మీ మేములో ఉందనుకునే చెప్తున్నాను."

చిన్నది మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. మరిది ఆకాశంలోకి చూశాడు.

మేడం కలం తీసింది. కాగితం మీద పెట్టింది. మళ్ళీ ఎత్తింది.

"మీ మాట నాకు చాలా విలువైందమ్మా. కానీ రాయలేను."

"అదేమిటి?"

"తొట్టి ఇప్పుడు మీ చేతిలో లేదు. మూట ఎవరికిచ్చారో, జవాబు వాళ్ళు చెప్పాలి."

అందరూ నావైపు తిరిగారు.

గేటు బయట ఆస్పత్రి వ్యాను హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు. నడుస్తుందంటే చిన్నది వెళ్తుంది. నడవదంటే చిన్నది తప్పుతుంది. నాకు నీలం చూపించడం రాదు. ఇసక మార్చడం రాదు. చిన్నది లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోవడం అంతకన్నా రాదు.

గుప్పిట విప్పి చూసుకున్నాను. అరచేయంతా నీలం. దాని కింద ఒక్క పగులు కూడా లేదు.

"అక్కా..." అంది చిన్నది.

మూట నడుముకి దోపుకుని నేను నోరు తెరిచాను.